సర్ది నుంచి చెవి దాకా: సుల్తానాబాద్‌లో పిల్లల చెవిపోటు

చిన్నపిల్లల చెవిపోటు చాలాసార్లు ముక్కులో మొదలవుతుంది. ముక్కు వెనక నుంచి మధ్యచెవికి గాలి చేరవేసే యూస్టేషియన్ నాళం పిల్లల్లో పొట్టిగా, దాదాపు అడ్డంగా ఉంటుంది. సర్ది చేస్తే అది వాచి మూసుకుపోతుంది. కర్ణభేరి వెనక నీరు చేరి, సూక్ష్మజీవులు పెరిగి చీము పడుతుంది. ఇంట్లో బీడీ పొగ, పడుకోబెట్టి సీసాపాలు పట్టడం ఈ ముప్పును పెంచుతాయి.

కరీంనగర్ నుంచి పెద్దపల్లి పోయే రాజీవ్ రహదారి మీది రైస్‌మిల్లుల పట్టణం సుల్తానాబాద్. ఇక్కడి సర్కారు దవాఖానాకు వచ్చే తల్లుల మాటల్లో ఈ జబ్బు వరుస తెలుస్తుంది: రెండు రోజులు సర్ది, రాత్రంతా చెవి పట్టుకొని ఏడుపు, పొద్దున దిండు మీద చీము మరక, ఆపై నొప్పి మాయం. కర్ణభేరికి చిల్లుపడి ఒత్తిడి తగ్గడం వల్లనే నొప్పి పోతుంది. దాన్నే నయమైందనుకోవడం అన్నిటికంటే పెద్ద పొరపాటు. ఎల్లిపాయ కాచిన నూనె, ఆకు పసరు, తల్లిపాలు చెవిలో పోయడం, అగ్గిపుల్లతో గెలకడం ఆ చిల్లుకు మరింత హాని చేస్తాయి.

బాలల రోగాలకు దేశమంతటా అనుసరించే ప్రభుత్వ చికిత్సా పద్ధతి 14 రోజులను హద్దుగా పెట్టింది. నొప్పి ఉన్నా, చీము మొదలై 14 రోజులు కాకపోయినా 5 రోజులు అమాక్సిసిలిన్, నొప్పికి పారాసిటమాల్ ఇస్తారు. నొప్పి తగ్గిందని మందు మధ్యలో ఆపకూడదు. 14 రోజులు దాటిన చీముకు ప్రధాన వైద్యం చెవిని ఆరబెట్టడం. శుభ్రమైన మెత్తటి నూలుగుడ్డను వత్తిలా చుట్టి చెవిలో పెట్టాలి. తడవగానే తీసి కొత్తది పెట్టాలి. వత్తి పొడిగా వచ్చేదాకా ఇలా రోజుకు మూడుసార్లు చేసి, ఆ తర్వాతే సిప్రోఫ్లాక్సాసిన్ చుక్కలు వేయాలి. తడి చెవిలో వేసిన చుక్క చీముతో పాటే బయటికి కొట్టుకుపోతుంది. ఖర్చులేని ఈ వత్తి పనిని తల్లికి చేసి చూపించడం మందు రాసివ్వడమంత ముఖ్యం. చెవి కారుతున్నన్నాళ్లు కాలువల్లో ఈత మానాలి.

పట్టించుకోకపోతే పోయేది వినికిడి. బడిలో పిలిస్తే పలకని పిల్లవాడు మొద్దు కాదు, అతనికి వినపడకపోవచ్చు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పిల్లల్లో వెతికే జబ్బుల జాబితాలో మధ్యచెవి వాపు ఉంది. ఆ కార్యక్రమపు వైద్య బృందాలు పిల్లల పరీక్షకు అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, సర్కారు బడులకు ఒకసారి రావాలి. చెవిపోటుకు ముఖ్య కారకాల్లో ఒకటైన న్యుమోకాకస్‌కు టీకా 2021 నుంచి దేశమంతటా ఉచితం. 6 వారాలకు, 14 వారాలకు, 9 నెలలకు వేయించాలి.

చెవి వెనక వాపు వచ్చి ముట్టుకుంటే నొప్పి పుడితే ఎముకకు చీము పట్టినట్టు అనుమానించాలి. అలాంటి బిడ్డను ఆ రోజే పెద్దాసుపత్రికి తీసుకుపోవాలి.