మనమా? మేమా?

తెలుగు తేలికైన భాష అని మనలో చాలామంది నమ్మకం. పలికినట్టే రాస్తాం, రాసినట్టే చదువుతాం, ఇంకేం కష్టం అంటారు. అలా అనేవాళ్ళను ఇంగ్లీషు మాత్రమే వచ్చిన మనిషికి ఒక్క నెల తెలుగు నేర్పమనండి, చూద్దాం. కామర్సు విద్యార్థినైన నాకు ఆ అవకాశం నిరుడు మిరపకోతల కాలంలో దొరికింది.

మా పెద్దమ్మ కూతురు న్యూజెర్సీలో పుట్టి పెరిగిన పిల్ల. వరసకు నాకు చెల్లెలు. డిగ్రీ పూర్తిచేసి, ఉద్యోగంలో చేరేలోగా మూడు నెలలు అమ్మమ్మ దగ్గర ఉంటానని చిలకలూరిపేట దగ్గరి మా పల్లెకు వచ్చింది. ఇంట్లో తెలుగు చెవిన పడ్డదేగాని నోట పలికింది కాదు. అమ్మమ్మకు ఇంగ్లీషులో వచ్చినవి బస్సు, కరెంటు, డాక్టరు. ఇన్నేళ్ళుగా వాళ్ళిద్దరూ ఫోనులో మాట్లాడుకున్నదంతా కలిపితే "బాగున్నావా", "బాగున్నా" అంతే. ఆవిడకు ఎనభై దాటాయి. కనుక ఇది సరదా చదువు కాదు. శని, ఆదివారాల్లో గుంటూరు నుంచి పోయి పాఠం చెప్పడం నా వంతయింది.

అక్షరాలు అనుకున్నంత ఇబ్బంది పెట్టలేదు. పదిహేను రోజుల్లో బస్సు బోర్డులు కూడబలుక్కుంది. అసలు చిక్కంతా వాక్యంలో ఉంది.

ఇంగ్లీషులో "హ్యావ్" అనే క్రియ ఒకటుంది. తమ్ముడున్నా, డబ్బున్నా, జ్వరమున్నా దానితోనే పని జరిగిపోతుంది. మనకు ఆ క్రియ లేదు. డబ్బు నా దగ్గర ఉంటుంది. తమ్ముడు నాకు ఉంటాడు. జ్వరం నాకు వస్తుంది. ఆకలి నాకు వేస్తుంది. ఇంగ్లీషువాడు కర్తగా ముందు నిలబడి జ్వరాన్ని పట్టుకుంటాడు. మన దగ్గర జ్వరమే కర్త, అదే వచ్చి మనిషిని పట్టుకుంటుంది. ఈ భేదం అందక మా చెల్లెలు మొదటి వారంలోనే, ఇరుగుపొరుగు వింటుండగా, "నా దగ్గర ఒక అమ్మమ్మ ఉంది" అన్నది. "ఉన్నాను గదే, నీ దగ్గరే ఉన్నాను" అని అమ్మమ్మ ఆ పిల్ల చెయ్యి పట్టుకున్నది. "నాకు" అనాలని దిద్దబోయి ఊరుకున్నాను.

తరువాతి తగవు లింగం దగ్గర వచ్చింది. తాతయ్య వచ్చాడు, అమ్మమ్మ వచ్చింది, గేదె వచ్చింది అని రాయించాను. పిల్ల కలం కింద పెట్టేసింది. "అమ్మమ్మకూ గేదెకూ ఒకటే క్రియ ఏమిటన్నయ్యా?" అన్నది. 1858 నాటి బాలవ్యాకరణంలో చిన్నయసూరి స్త్రీలను, పశుపక్ష్యాదులను, జడపదార్థాలను తీసేసి, తక్కినవాటిని మహత్తులన్నాడు. ఒక్క ఆడమనిషి వస్తే "వచ్చింది", గేదె లెక్కే. ఇద్దరు వస్తే మాత్రం మగవాళ్ళతో సమానంగా "వచ్చారు" అవుతుంది. గేదెలు "వచ్చాయి" దగ్గరే ఆగిపోతాయి. తమిళంలో, కన్నడంలో ఒక్క ఆడమనిషికి కూడా వేరే క్రియారూపం ఉన్నది. మనకెందుకు లేదో అమెరికా పిల్లకు నచ్చచెప్పడం నా వల్ల కాలేదు. సంగతి విని అమ్మమ్మే తేల్చింది: "ఒక్కదానివి పోతే గేదెతో కట్టేస్తారు. ఇద్దరం కలిసిపోతే మర్యాద ఉంటది. రేపు నాతో కళ్ళానికి రా."

ఆ కళ్ళంలోనే ఇంకో పాఠం జరిగింది. కోసిన కాయ, కాయ కోసిన మనిషి, కాయ కోసిన చేను, కాయ కోసిన రోజు, కాయ కోసిన చేతులు. అన్నిటికీ "కోసిన" ఒక్కటే. ఇంగ్లీషులో ప్రతిదానికీ ఎవరు, ఏది, ఎక్కడ, ఎప్పుడు అని వేరు వేరు మాటలు తగిలించాలి. "మరి కోసిందెవరో, కోయబడ్డదేదో మీకెలా తెలుస్తుంది?" అని అడిగింది. కాయ మనిషిని కోయదు గదా అన్నాను. కాయ కోసిన చేతులు రాత్రంతా మండితే ఆ ప్రయోగం మాత్రం చక్కగా వంటబట్టింది.

ఈ అవస్థ మా చెల్లెలితో మొదలైంది కాదు. 1816లో క్యాంప్‌బెల్, 1840లో బ్రౌన్, 1873లో ఆర్డెన్ ఇంగ్లీషువాళ్ళ కోసం తెలుగు వ్యాకరణాలు రాశారు. 1842లో గుంటూరులో దిగిన అమెరికా పాదరీ హేయర్, 1866లో ఒంగోలు చేరిన క్లౌ, వీళ్ళంతా ఈ ముళ్ళదారిన నడిచినవాళ్ళే. ఒంగోలులో పుట్టిన భద్రిరాజు కృష్ణమూర్తిగారు, తెలుగు నేర్చిన గ్విన్ దొరతో కలిసి 1985లో ఆధునిక తెలుగు వ్యాకరణం ప్రకటించారు. నన్నడిగితే ఇలాంటి పుస్తకాలు తెలుగువాళ్ళే ముందు చదవాలి. మన ఇంట్లో ఏముందో బయటినుంచి వచ్చినవాడు తడుముకుంటూ చెబుతుంటే వినడం మంచి చదువు. చెల్లెలు తెచ్చుకున్న పాఠ్యపుస్తకంలో మాత్రం మా పల్లె "వచ్చిద్ది", "పోబాక" లేవు. అవి అమ్మమ్మ దగ్గరే నేర్చుకుంది.

అన్నిటికంటె మొండిగా నిలిచిపోయింది "మనం", "మేం" భేదం. ఇంగ్లీషుకు ఒక్క "వుయ్" చాలు. ఎదుటి మనిషిని కలుపుకుంటున్నావా, బయట నిలబెడుతున్నావా అని ఆ భాష అడగదు. హిందీ "హమ్" కూడా అడగదు. తెలుగు, తమిళం అడుగుతాయి. దూరాన మలయ్ భాష కూడా అడుగుతుంది. నోరు తెరిచేలోపే ఈ లెక్క తేలిపోవాలి. చెల్లెలికి ఎప్పుడూ "మనమే" ముందు వచ్చేది. దుకాణంలో ముక్కూ ముఖం తెలియని మనిషితో "మనం నిన్న గుంటూరు పోయాం" అంటే ఆయన తెల్లబోయి చూశాడు.

ఫిబ్రవరి నెలాఖరుకు కూతుర్ని తీసుకుపోవడానికి పెద్దమ్మ వచ్చింది. అమ్మమ్మ వసారాలో తాలుకాయలు ఏరుతున్నది. చెల్లెలు పోయి పక్కన కూర్చుని, "అమ్మమ్మా, మంగళవారం మనం అమెరికా వెళ్తాం" అన్నది.

అమ్మమ్మ ఏరడం ఆపింది. "నేనెక్కడికే? కాయ ఇంకా యార్డుకు పోలా" అన్నది. కాదనడం లేదు, వాయిదా అడుగుతున్నది.

పెద్దమ్మ తల వంచుకుంది. ఏం జరిగిందో అర్థంగాక చెల్లెలు నావైపు చూసింది. "మనం అంటే ఆవిడ కూడా" అని ఇంగ్లీషులో మెల్లగా చెప్పాను. "మేం" అని దిద్దుకుంటుందనుకున్నాను. కాసేపు ఆ తాలుకాయల్లో వేళ్ళు పెట్టి కలుపుతూ కూర్చుంది.

"కాయలు అమ్మిన తరువాత రా అమ్మమ్మా" అన్నది.

వాక్యంలో తప్పు లేదు. పెద్దమ్మ, చెల్లెలు మంగళవారం బయలుదేరారు. టిక్కీలు తొక్కించి యార్డుకు పంపిన మర్నాడు, పాస్‌పోర్టుకు ఏమేం కాగితాలు కావాలో కనుక్కు రమ్మని అమ్మమ్మ నాకు ఫోను చేసింది.