వద్దనే హక్కు ఎవరిది?

మా అవ్వ ఇప్పపువ్వును కాలితో తొక్కనిచ్చేది కాదు. ఎండలు ముదిరే రోజుల్లో తెల్లవారకముందే లేపి గంప చేతికిచ్చేది. రాయికల్ నుంచి గోదావరి దిక్కు పోతే మా నాయకపోళ్ళ గూడెం. చెట్ల కింద రాత్రంతా రాలిన పువ్వును ఎండ ఎక్కకముందే ఏరుకొచ్చి ఆరబోసేవాళ్ళం. కొంత ఉడకబెట్టుకొని తినేది, కొంత అంగట్ల అమ్మేది, కొంత దేవర కొలుపు కోసం సారా కాసేది. లక్ష్మీదేవరకు ముందు నాలుగు చుక్కలు నేల మీద పోసిన తర్వాతే పెద్దమనుషులు ముట్టేవాళ్ళు. కొలుపు అయిపోతే కుండ బోర్లించేవాళ్ళు. మళ్ళీ కొలుపు దాకా దాని ముఖం చూసేవాళ్ళు కాదు.

1995లో మేము హైస్కూల్లో ఉన్నాం. ఒకరోజు పొద్దున్నే గూడెంలోకి జీపు వచ్చింది. అవ్వ కుండ పగలగొట్టారు, మా చిన్నాయనను ఎక్కించుకొని పోయారు. ఆయనను విడిపించుకోవడానికి రెండు మేకలు అమ్ముకున్నాం. రెండేళ్ళు తిరక్కుండానే రోడ్డు మీద లైసెన్సు దుకాణం తెరిచారు. బోర్డు కట్టారు, లైట్లు పెట్టారు. అంగడి నుంచి వస్తూ అవ్వ దాని ముందు ఆగి మమ్మల్ని అడిగింది. "మొన్న పాపమన్నది ఇయ్యాల పుణ్యమెట్లయింది బిడ్డా?" అప్పుడు మా దగ్గర జవాబు లేదు. టీచర్ ట్రైనింగ్ చేసి ఇరవై ఏళ్ళుగా పిల్లలకు చదువు చెప్తున్నాం కాబట్టి ఆ జవాబు బాకీ ఉన్నట్టే.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకుంటున్న ఆడవాళ్ళు రోశమ్మ ముందుండగా సారా దుకాణాన్ని మూయించారు. అది జిల్లా మీదుగా రాష్ట్రమంతా పాకింది. వాళ్ళు పోరాడింది ఎవరి మీద అన్నది మనం గుర్తుపెట్టుకోవాలి. పక్కింటావిడ కుండ మీద కాదు. సర్కారు వేలం పాడి, కంట్రాక్టరుకు అప్పజెప్పి, పాకెట్లు కట్టి ఊరి మీదికి పంపిన సారా మీద. వాళ్ళ మాట ఒక్కటే, మా ఊరికి ఇది వద్దు.

ఆ మాటను ఎన్నికలు ఎత్తుకున్నాయి. 1993 అక్టోబరు 1 నుంచి కోట్ల విజయభాస్కరరెడ్డి ప్రభుత్వం సారాను ఆపింది. 1994 డిసెంబరులో మద్యనిషేధం మాట మీద గెలిచిన ఎన్.టి.రామారావు ప్రమాణం చేసిన రోజే ఫైలు మీద సంతకం పెట్టారు. 1995 జనవరి 16 నుంచి రాష్ట్రమంతా నిషేధం. ఖజానాకు వచ్చే పైసలు ఆగిపోయాయి, పక్క రాష్ట్రాల నుంచి దొంగతనంగా సీసాలు వచ్చాయి, 1997లో చంద్రబాబునాయుడు ప్రభుత్వం నిషేధం ఎత్తేసింది. 'మా ఊరికి వద్దు' అన్న మాట రాజధానికి పోయి 'ఎవ్వరికీ వద్దు' అయ్యింది, తిరిగొచ్చేటప్పటికి 'అందరికీ కావాలి' అయ్యింది. మధ్యలో ఊరి ఆడవాళ్ళను మళ్ళీ అడిగినవాళ్ళు లేరు.

ఇది మన దగ్గరే కాదు. అమెరికా 1920లో దేశమంతా మద్యం ఆపింది. దొంగ సారా ముఠాలు బలిశాయి. 1932 ఎన్నికల్లో నిషేధం తీసేస్తామని రూజ్వెల్ట్ ఓట్లడిగి గెలిచాడు, 1933లో అది పోయింది. అంతకు ముందే మన దేశంలో తెల్లదొరలు 1892లో బొంబాయి రాజ్యంలో ఇప్పపువ్వు మీదనే చట్టం చేశారు. అడవిలో రాలిన పువ్వు ఇంట్లో ఉంటే నేరం. డిస్టిలరీ సారా అమ్ముడుపోవాలంటే ఆదివాసీ కుండ ఆరిపోవాలి. అవ్వ ప్రశ్నకు సగం జవాబు అక్కడ ఉంది. పాపమూ పుణ్యమూ కాదు బిడ్డా, పన్ను ఎవరికి పోతదన్నదే లెక్క.

ఇంత రాశామని మేము తాగుడును మెచ్చుకుంటున్నామని ఎవరూ అనుకోవద్దు. మా అన్న దుబాయి పోయి అప్పు తీర్చి వచ్చాడు. వచ్చిన తర్వాత తాగి తాగి నలభై దాటకముందే పోయాడు. ఆయన తాగింది ఇప్పసారా కాదు, ముద్ర వేసిన సీసా. గూడెంలో కిరాణం పక్కనే బెల్టు షాపు ఉండేది. ఒక ఏడు మా వదిన, ఇంకో పదిమంది ఆడవాళ్ళు దాని ముందు వరుసగా కూర్చున్నారు. అమ్మితే జుర్మానా అని గూడెమంతా కట్టడి చేసుకున్నారు. షాపు మూతపడింది. ఆ ఆరు నెలలు మా అన్న పొలం పోయాడు, పిల్లల ఫీజు కట్టాడు. తర్వాత ఎన్నికలు వచ్చాయి. రెండు జెండాల వాళ్ళూ సీసాలు దించారు. కట్టడి తెగిపోయింది. ఎన్నికలు అయిపోయినా షాపు మూతపడలేదు. మరుసటి వానాకాలం అన్న లేడు.

పోలింగు ముగిసే సమయానికి ముందు 48 గంటలు మద్యం బందు పెట్టాలని ప్రజాప్రాతినిధ్య చట్టం చెప్తుంది. బందు దుకాణానికి, సీసాకు కాదు. 2023 ఆగస్టులో, శాసనసభ ఎన్నికలకు మూడు నెలల ముందు, తెలంగాణలో 2,620 దుకాణాలకు లాటరీ తీశారు. ఒక్కో దరఖాస్తుకు రెండు లక్షలు, రాకపోతే వాపసు లేదు. లక్షా ముప్పై వేలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. ఒక్క సీసా అమ్మకముందే ఖజానాకు 2,600 కోట్లకు పైగా చేరింది. ఆ దుకాణాల్లో అయిదు శాతం ఎస్టీలకు రిజర్వేషన్. మనకు దుకాణం పెట్టుకునే హక్కు ఇచ్చారు, దుకాణం వద్దనే హక్కు ఇవ్వలేదు.

ఆ హక్కు కాగితం మీద లేకపోలేదు. 1996 పెసా చట్టం షెడ్యూల్డ్ ప్రాంతాల్లో మత్తుపదార్థాలను ఆపాలా, అదుపులో పెట్టాలా అన్న అధికారాన్ని గ్రామసభకు, పంచాయతీకి ఇవ్వమన్నది. గోదావరి అవతల ఉట్నూరు గూడేలకు అది వర్తిస్తుంది. ఇవతల మా గూడెం షెడ్యూల్డ్ ప్రాంతం కాదు కాబట్టి మాకు లేదు. నదికి అటూ ఇటూ అదే దేవర, అదే చెట్టు, చట్టం మాత్రం వేరు.

గంజాయి సంగతి కూడా పిల్లలకు చెప్పాలి. 1985 చట్టం ప్రకారం 20 కిలోలకు మించి దొరికితే తక్కువలో తక్కువ పదేళ్ళ జైలు, బెయిలు రావడం చాలా కష్టం. మూట ఎవరిదో చట్టం ముందుగా అడగదు, ఎవరి భుజం మీద ఉందో చూస్తుంది. విశాఖ మన్యంలో ఆ మూట మోసి జైలు పాలైనవాళ్ళలో మన ఆదివాసీ పిల్లలు ఉన్నారు. కొనేవాడు పట్నంలో, పెట్టుబడి పెట్టినవాడు ఇంకెక్కడో. మోసినందుకు వచ్చే కూలీ కోసం పదేళ్ళ వయసు పోగొట్టుకోవద్దని మా పదో తరగతి పిల్లలకు ప్రతి ఏడూ చెప్తాం. ఇంత పెద్ద శిక్ష మూట మోసినవాడి మీదనే పడటం న్యాయమేనా అన్నది కూడా వాళ్ళనే ఆలోచించమంటాం.

మా ఆలోచన ఇది. తాగొద్దని మనిషికి ఇంటివాళ్ళు చెప్పాలి, దుకాణం వద్దని ఊరు చెప్పాలి. సర్కారు ఆ మాట వినాలి, అంతే. కుండలు పగలగొట్టే సర్కారు వద్దు, సీసాలు పంపే సర్కారూ వద్దు. ఒకప్పుడు అడవిలో అన్నలు కూడా సారా బందు పెట్టారు. తుపాకీ భయంతో ఆగినది తుపాకీ పోగానే మళ్ళీ వచ్చింది. మా వదిన వాళ్ళు ఆపినప్పుడు మా అన్న ఆరు నెలలు బతికాడు. మేము కళ్ళారా చూసిన మద్యనిషేధం అదొక్కటే.

ఉట్నూరులో మన ఆడవాళ్ళు ఇప్పపువ్వుతో లడ్డూలు చేసి అమ్ముతున్నారు. అది విని అవ్వ ఉంటే నవ్వేది. వచ్చే గ్రామసభలో పెట్టడానికి ఒక కాగితం రాసి పెట్టుకున్నాం. అందులో రెండే ముక్కలు. గూడెంలో బెల్టు షాపు వద్దు. దేవర కొలుపుకు కాసే కుండ నేరం కాకూడదు. చట్టంలో దానికి ఎంత బలముందని అడిగేవాళ్ళు ఉంటారు. దూబగుంట ఆడవాళ్ళ దగ్గర కూడా చట్టం లేదు. కాగితం కింద మొదటి సంతకం మా వదిన పెట్టింది. రాత్రిబడిలో నేర్చుకున్న అక్షరాలు, కొంచెం వంకరగానే ఉన్నాయి.