తప్పు లైనుది కాదు

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను వజ్రపుకొత్తూరు మండలంలో తీరం దాటింది. ఉద్దానం కొబ్బరి, జీడి తోటలతో పాటు కరెంటు స్తంభాలు, వాటి మీదుగా వెళ్లే ఇంటర్నెట్ కేబుళ్లు నేలకొరిగాయి. ఆ తర్వాత చాలాకాలం నెట్‌వర్క్ ఎక్కడ నెమ్మదించినా నా అనుమానం లైను మీదికే పోయేది. ఆ అనుమానం వల్ల పలాసలో ఒక జీడిపప్పు వ్యాపారి డబ్బు నష్టపోయారు.

ఆయన ఆఫీసు బిల్లులు విజయనగరంలోని సర్వర్‌కి ఎక్కాలి. "పేజీ తెరుచుకుంటంది గానీ బిల్లులు ఎక్కట్నేదు బాబూ" అనేవాడు గుమాస్తా. సర్వర్ పలుకుతోందా అని పింగ్ కొడితే జవాబులు చక్కగా వచ్చేవి. తుపానుకి తెగి అతుకులు పడ్డ ఫైబర్ కదా అని, ఇంకా వేగం ఉన్న ప్లాను తీసుకోమన్నాను. నా మాట మీద తీసుకున్నారు. బిల్లులు మాత్రం కదల్లేదు.

అప్పుడు నెట్‌వర్క్‌లో పోయే ప్యాకెట్లను పట్టి చూపే వైర్‌షార్క్ తెరిచాను. పంపిన ప్యాకెట్‌నే మళ్లీ మళ్లీ పంపుతోంది కంప్యూటరు. పోయిందని తెలిసింది సరే, ఎక్కడ పోయింది? రూటర్లో కూడా ప్యాకెట్లు పట్టి, రెండు ఫైళ్లూ పక్కపక్కన పెట్టి వరస నంబర్లు చూశాను. కంప్యూటరు దగ్గర బయల్దేరిన ప్యాకెట్లు కొన్ని రూటర్ దాకా రానేలేదు. మధ్యలో ఉన్నది ఒక్క స్విచ్చి. తుపాను తర్వాత పాతది పాడైతే నేనే మార్చాను. వేగం, డూప్లెక్స్ రెండు చివరలూ తామే కుదుర్చుకునే ఆటో మీద నమ్మకం లేక, రూటర్ వైపు పోర్టును 100 ఫుల్ డూప్లెక్స్‌కి బిగించిందీ నేనే.

అటు రూటర్ ఆటోలో ఉంది. ఎదుటి పోర్టు సంగతి తెలియక హాఫ్ డూప్లెక్స్‌కి దిగిపోయింది. ఒకరు ఫోన్లో, ఒకరు వాకీటాకీలో మాట్లాడుకున్నట్టయింది వాటి వ్యవహారం. పింగ్ చిన్నది, ఒక్కొక్కటిగా పోతుంది కాబట్టి ఢీకొనే సందర్భం అరుదు. పెద్ద ఫైలు పంపేటప్పుడు అటు డేటా, ఇటు రసీదులు ఒకేసారి నడుస్తాయి, ఢీకొని పాడైపోతాయి.

ప్యాకెట్ పోతే దారి కిక్కిరిసిందని, డేటా పంపే పద్ధతి అయిన టీసీపీ సాధారణంగా అనుకుంటుంది, వేగం తగ్గించుకుంటుంది. ఆ జాగ్రత్త ఊరికే పెట్టింది కాదు. 1986లో అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ల్యాబుకీ, 400 గజాల దూరంలోని యూనివర్సిటీకీ మధ్య వేగం సెకనుకు 32 వేల బిట్ల నుంచి 40 బిట్లకు పడిపోయింది. అది చూశాకే వాన్ జేకబ్సన్ ఈ పద్ధతిని రూపొందించి 1988లో ప్రచురించారు. ప్యాకెట్లు ఆఫీసులోనే పోతుంటే ప్లాను ఎంత పెంచినా ఉపయోగం ఉండదని నాకు ముందే తట్టి ఉండాల్సింది.

పోర్టును ఆటోకి మార్చగానే బిల్లులు ఎక్కాయి. తప్పు నాదేనని ఆ వ్యాపారికి చెప్పి, పాత ప్లానుకి మార్పించాను.

ఈ నెట్‌వర్క్ పనిలోకి కొత్తగా వస్తున్న మన జిల్లాల కుర్రాళ్లకి ఒక్క మాట. వైర్‌షార్క్ ఉచితమే, నేర్చుకోండి. లైను బాగోలేదని చెప్పే ముందు రెండు చోట్ల ప్యాకెట్లు పట్టి చూడండి. పట్టే ముందు యజమానిని అడగండి, ఆ ఫైల్లో వాళ్ల పాస్‌వర్డులూ ఉండొచ్చు.