వడ్ల కుప్ప కనబడేంత వెలుతురు

యాసంగి కోతలు మొదలైతే నల్లగొండ, మహబూబ్‌నగర్ పల్లెదారుల్లో చీకటి పడ్డాక రోడ్డు సగమే బండ్లది. మిగతా సగం వడ్లది. పగలంతా ఆరబోసిన వడ్లను పొద్దుగూకగానే కుప్పచేసి, పైన పరదా కప్పి, గాలికి లేవకుండా చుట్టూ రాళ్లు పెడతారు. నల్లటి తారు మీద నల్లటి పరదా, దాని అంచున తలకాయంత రాయి. దేవరకొండ, హాలియా, మిర్యాలగూడ దారైనా, జడ్చర్ల నుంచి కల్వకుర్తి దారైనా ఇదే వరుస. దీనికి తోడు వెనక ఎర్ర రిఫ్లెక్టరు లేని ట్రాక్టర్ ట్రాలీలు, రంగు వెలిసిపోయిన స్పీడ్ బ్రేకర్లు, దారికి అడ్డంగా వచ్చే బర్లు. నల్లమలలో జంతువుల కోసం మన్ననూరు దాటాక రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా బండ్లనే పోనివ్వరు. ఇక్కడ అలాంటి రక్షణ మనుషులకూ లేదు. తెల్లారకముందే పాల క్యాన్లతో బయల్దేరేవాళ్లు, పొద్దుపోయి మార్కెట్ నుంచి తిరిగొచ్చేవాళ్లు ఎక్కువగా నడిపేది పాత స్ప్లెండర్, ప్యాషన్, సీటీ హండ్రెడ్ లాంటి బండ్లే. వాటి లైటు చాలదన్న మాట నిజం. కానీ దానికి అందరూ చూపించే ఉపాయం, అంటే చవకగా దొరికే తెల్లటి ఎల్‌ఈడీ బల్బు తెచ్చి పాత డూములో బిగించడం, సరైనది కాదని నా వాదన. పాత బండికి ముందుగా కావలసింది కొత్త బల్బు కాదు, అది షోరూం నుంచి వచ్చిన రోజున ఇచ్చిన వెలుతురు.

ఎంత వెలుతురు కావాలో ముందు లెక్క చూద్దాం. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే బండి సెకనుకు 16 మీటర్లకు పైగా కదులుతుంది. ఎదురుగా రాయి ఉందని కన్ను పట్టుకుని, చెయ్యీ కాలూ బ్రేకు మీదికి పోయేసరికి సెకనున్నర పడుతుందనుకుంటే అప్పటికే 25 మీటర్లు గడిచిపోయాయి. పొడి రోడ్డు మీద మంచి బ్రేకుతో ఆగడానికి ఇంకో 28 మీటర్లు. మొత్తం 53. అదే 40 కిలోమీటర్ల వేగమైతే 30 మీటర్లలోపే ఆగొచ్చు. వయసు లెక్క కూడా ఇక్కడే కలపాలి. ఇరవై ఏళ్లవాడి కంటిలోకి పోయే వెలుతురులో అరవై ఏళ్లవాడి కంటి లోపలికి చేరేది మూడో వంతు మాత్రమే. పాత బండ్లు నడిపేవాళ్లలో ఆ వయసువాళ్లు తక్కువేం కాదు.

మరి పాత బండిలో వెలుతురు ఎక్కడ పోతుంది? మొదట డూములో. లోపలి వెండిపూత దుమ్ముకూ తేమకూ మసకబారుతుంది, పైన ప్లాస్టిక్ అద్దం ఎండకు పచ్చబడుతుంది. అప్పుడు ఎంత మంచి బల్బు పెట్టినా ఆ కాంతి డూములోనే ఆగిపోతుంది. పూతను గుడ్డతో రుద్దితే ఉన్నది కూడా ఊడివస్తుంది కాబట్టి డూము మొత్తం మార్చడమే మేలు. తర్వాత వైరింగు. బల్బుకు అందే వోల్టేజి కొంచెం తగ్గినా వెలుతురు అంతకు మూడింతలు తగ్గుతుంది. 13 వోల్టులు అందాల్సిన చోట 12 మాత్రమే అందితే పోయేది దాదాపు నాలుగో వంతు వెలుతురు. తుప్పుపట్టిన ఎర్తు, కాలిన హోల్డరు, అరిగిన డిమ్ము స్విచ్చు, ఈ మూడూ కలిస్తే ఒక వోల్టు పోవడం పెద్ద విషయం కాదు. మెకానిక్ దగ్గర మీటరు ఉంటే ఐదు నిమిషాల్లో తేలిపోయే సంగతిది. ఇంకో చిక్కుంది. చాలా పాత 100 సీసీ బండ్లలో ఎక్కువవాటికి హెడ్‌లైటు కరెంటు బ్యాటరీ నుంచి కాక నేరుగా మ్యాగ్నెట్ కాయిల్ నుంచి వచ్చేది. రేజు తగ్గితే లైటు తగ్గుతుంది. గుంతల దగ్గర నెమ్మదించినప్పుడే, అంటే చూపు అన్నిటికంటే అవసరమైనప్పుడే, దారి కనబడదు. కాయిలూ ఆర్‌ఆర్ (రెగ్యులేటర్-రెక్టిఫైయర్) యూనిట్టూ బాగుంటే ఈ ఇబ్బంది పూర్తిగా పోదు కానీ భరించగలిగేంతలో ఉంటుంది.

ఎల్‌ఈడీ తక్కువ కరెంటుతో ఎక్కువ వెలుగు ఇస్తుంది కదా అని అడిగేవాళ్లున్నారు. ఇస్తుంది, దాని కోసమే కట్టిన డూములో. పాత డూము వంపును మలిచింది బల్బులోని సన్నటి తీగ ఎక్కడుంటుందో చూసుకుని. వెలుగు పుట్టే చోటు రెండు మిల్లీమీటర్లు అటూ ఇటూ అయినా కాంతి రోడ్డు మీద పడకుండా చెట్ల కొమ్మల మీదా, ఎదురు వచ్చేవాడి కళ్లలోనూ పడుతుంది. చవక ఎల్‌ఈడీలో చిప్పులు చాలాసార్లు ఆ తీగ ఉండే చోట ఉండవు. పైగా కాయిల్ నుంచి వచ్చే కరెంటుకు అది మినుకుమినుకుమంటుంది, లేదా తొందరగా పోతుంది. దగ్గరి రోడ్డు తెల్లగా మెరిసిపోతుంది కాబట్టి నడిపేవాడికి బాగా కనబడుతున్నట్టే అనిపిస్తుంది. ఆ మెరుపుకు కంటిపాప ముడుచుకుని యాభై మీటర్ల అవతలి పరదా ఇంకా నల్లబడుతుంది. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 106వది, ముందు లైటుకు 8 మీటర్ల దూరంలో, అర మీటరు కుడిగా, ఒకటిన్నర మీటరు ఎత్తులో ఉన్న కంటికి అది మిరుమిట్లు గొలపకూడదని చెబుతుంది. ఎదుటివాడు కళ్లలో కొడుతున్నాడు కాబట్టి నేనూ కొడతానంటే, ఒకే రోడ్డు మీద ఇద్దరు ఏకకాలంలో గుడ్డివాళ్లవుతారు.

అలాగైతే హాలోజెన్‌లోనే 35 వాట్ల బల్బు తీసి 60/55 వాట్లది పెడదామంటే? చూపు రెండింతల దూరం పోవాలంటే వెలుతురు నాలుగింతలు కావాలి. బల్బు రెండింతలు వెలిగినా దూరం ఒకటిన్నర రెట్లకూ పెరగదు. చిన్న బండి కాయిలు ఆ బరువు మోయలేదు, ప్లాస్టిక్ డూమూ హోల్డరూ వేడికి కరుగుతాయి. 12 వోల్టుల బుల్లెట్ లాంటి పెద్ద బండ్లలో, బ్యాటరీ నుంచి లైటు నడిచేచోట, మందపు వైరు, రిలే పెట్టించుకుంటే ఆ బల్బు పనికొస్తుంది. చిన్న బండివాళ్లు ఆ జోలికి పోకపోవడమే మంచిది.

పైసా ఖర్చు లేని పని ఒకటుంది, దాన్నే ఎవరూ చేయరు. అది ఫోకస్ సరిచేయడం. వెనక 45 కిలోల యూరియా బస్తా వేస్తే షాకబ్జర్లు కుంగి బండి ముందుభాగం లేస్తుంది, దానితో లైటూ లేస్తుంది. ఒక్క డిగ్రీ లేచినా 40 మీటర్ల దూరంలో అది 70 సెంటీమీటర్ల ఎత్తు. రోజూ మోసే బరువును వెనక పెట్టుకుని, మనిషి కూర్చుని, గోడకు ఐదు మీటర్ల దూరంలో నిలబెట్టి డిమ్ము వేయాలి. వెలుతురు పై అంచు హెడ్‌లైటు ఎత్తు కంటే ఐదు నుంచి పది సెంటీమీటర్లు కిందుండేలా స్క్రూ తిప్పితే చాలు.

రోడ్డు మీద వడ్లు పోయకుంటే ఈ గొడవే లేదు కదా అంటారు. నిజమే, కల్లాలు చాలినన్ని కట్టాల్సిన బాధ్యత ప్రభుత్వానిది, ఆ మాట గట్టిగా అడగాల్సిందే. అవి వచ్చేదాకా రాత్రి బండి నడపక తప్పదు కదా. కాబట్టి ఈ కోతలకు ముందే డూమూ ఎర్తూ హోల్డరూ చూపించండి, బస్తాతో సహా ఫోకస్ సరిచేసుకోండి, డిమ్ములో ఎంత దూరం కనబడుతోందో ఖాళీ రోడ్డు మీద ఒకసారి అడుగులతో కొలవండి. 30 మీటర్లే కనబడితే 40కి మించి పోకండి. వడ్లు పోసే అన్నలకూ ఒక మనవి: రాళ్లకు బదులు ఇసుక సంచులు పెట్టి, రోడ్డు వైపు పరదాకు ఒక రేడియం స్టిక్కరు అంటించండి.