కాలింపాంగ్ ముళ్ళకు వెల

సిలిగురి నుంచి బయలుదేరిన బండి తీస్తా నది ఒడ్డును పట్టుకొని కొంతదూరం సాగి, వంతెన దాటి, మెలికలు తిరుగుతూ కొండ ఎక్కుతుంది. దుర్పిన్, దేవ్‌లో అనే రెండు శిఖరాల నడుమ, సుమారు 4,100 అడుగుల ఎత్తున, కొండవెన్ను మీద కాలింపాంగ్ పట్టణం పరచుకొని ఉన్నది. బేరసారాలు ఈ ఊరికి క్రొత్త కావు. టిబెట్ నుంచి జెలెప్ లా కనుమ మీదుగా కంచరగాడిదల వీపున దిగివచ్చిన ఉన్ని ఒకప్పుడు ఇక్కడే చేతులు మారేది. 1962 యుద్ధంతో ఆ బాట మూతబడింది. నేడు ఇక్కడికి వచ్చిన యాత్రికులు తిరుగు ప్రయాణంలో ఒడిలో పెట్టుకొని జాగ్రత్తగా తీసుకుపోయే సరకు వేరు: చిన్న కుండీలో కూర్చున్న ఒక ముళ్ళ బంతి.

ముసురు పట్టే ఈ హిమాలయపు వాలులో ఎడారి మొక్కలకు పేరు రావడం వింతే. కాక్టస్ జాతులు దాదాపు అన్నీ అమెరికా ఖండాల సంతతి. వేళ్ళలో నాలుగు రోజులు నీరు నిలిస్తే చాలు, కుళ్ళిపోతాయి. అందుకే ఇక్కడి నర్సరీలలో వాటికి గాజు కప్పో, ప్లాస్టిక్ కప్పో తప్పదు. మనుషుల ఇళ్ళు తడిసినా ముళ్ళమొక్కల ఇల్లు తడవకూడదు. తెలుగునాట చేనిగట్టు మీద కంచెగా పెరిగే నాగజెముడు కూడా ఓడ ఎక్కి వచ్చిన పరదేశియే. కాని దానికి ఎవరూ పైసా ఇవ్వరు. కొట్టివేయడానికి కూలి ఇచ్చుకోవాలి. అదే కుటుంబపు మొక్క ఇక్కడ వెల పలుకుతున్నదంటే, ఆ వెల దేనికి?

పేరుమోసిన నర్సరీలలో ఈ ప్రశ్న అంతగా తలెత్తదు. అక్కడ ధరల చీటీ ఉంటుంది. చిక్కంతా ఇంటి వసారాలో, పాత డబ్బాలలో మొక్కలు పెంచి, ఎక్కువైనవాటిని అమ్ముకొనేవారిది. కోల్‌కతా నుంచి వచ్చిన ఒక కుటుంబం గుమ్మం ముందు ఆగుతుంది.

"ఎంత దీదీ, ఈ చిన్నదానికి?"

ఆమె ధర చెబుతుంది.

"అదేమిటి? ఆ ఎర్రతల మొక్క ఇంతకు రెండింతలు ఉన్నది, దానికి తక్కువా?"

న్యాయమైన ప్రశ్నే. జవాబు మాత్రం కంటికి కనిపించేది కాదు. ఆ ఎర్రతల మొక్కకు పత్రహరితం లేదు, తన ఆహారం తాను చేసుకోలేదు. 1940లలో జపానులో ఇటువంటి రంగు మొలకలను పచ్చని మరో కాక్టస్ మీద అంటుకట్టి బ్రతికించడం నేర్చారు. సాధారణంగా క్రింద ఉండే ఆ మూడుపలకల కాడ డ్రాగన్ ఫ్రూట్ తీగకు దగ్గరి బంధువు. అది జోరుగా పెరుగుతుంది, పైదాన్ని నెలలలో అమ్మకానికి సిద్ధం చేస్తుంది. కాని చలికి తాళలేదు. చాలా మొక్కలలో కొన్నేళ్ళకే క్రిందిది అలసిపోతుంది, దానితో పైది కూడా పోతుంది. పక్కనున్న బూడిదరంగు చిన్నదో? అది గింజ నుంచి వచ్చింది. గులకరాయివలె కనిపించే ఆరియోకార్పస్ వంటిదైతే పువ్వు పూయడానికి పదేళ్ళు కూడా పట్టవచ్చు.

లెక్క ఇలా వేసి చూడవచ్చు. నూరు గింజలు నాటితే డెబ్బది మొలిచి, లేత నారుకు వచ్చే కుళ్ళు తప్పించుకొని మూడేళ్ళకు నలభై మిగిలాయని అనుకొందాం. నూరింటికి పెట్టిన గింజల ఖర్చు, ఇసుక, గులక, ఆకుమట్టి, కప్పు మరమ్మతు, అన్నీ ఆ నలభై మీదనే పడాలి. అవి ఆక్రమించిన బల్ల జాగాకు కూడా వెల ఉన్నది. అక్కడ మూడేళ్ళలో పిలకల మొక్కలను ఎన్నిసార్లో పెంచి అమ్మవచ్చు. తల్లిమొక్క పక్కన తమంత తామే పుట్టే పిలకలకు ఈ లెక్క వర్తించదు. వాటికి కుండీ వెల, కాస్త శ్రమ, బజారులో నడుస్తున్న ధర చూసుకొంటే సరిపోతుంది. చాలామంది ఇక్కడే తారుమారు చేస్తారు: ముచ్చటగా ఉన్నదని పిలకకు ఎక్కువ అడుగుతారు, చిన్నగా ఉన్నదని పదేళ్ళదాన్ని అప్పనంగా ఇచ్చివేస్తారు.

ఇష్టంతో పెంచుకొన్నాం, లాభం ఎందుకు అనేవారి ఔదార్యం కూడా అంత నిర్దోషమైనది కాదు. ఆ వీధిలోనే, ఆ మొక్కల మీదనే పొయ్యి వెలిగించుకొనే మరొకరు ఉంటారు. సరదాకు అమ్మేవాని ధర పొరుగువాని కూలిని కోస్తుంది.

మరీ చవకగా దొరికే ముదురు మొక్క విషయం వేరు. మెక్సికో రాతినేలల నుంచి తవ్వి తెచ్చినదానికి పెంచిన ఖర్చు ఉండదు కదా! 1975లో అమలులోకి వచ్చి, 1976లో భారతదేశం చేరిన అంతర్జాతీయ ఒడంబడిక కింద దాదాపు కాక్టస్ కుటుంబమంతటికీ వ్యాపార నియంత్రణ ఉన్నది. ఆరియోకార్పస్‌కు మరింత కఠినమైనది. అంటుకట్టిన రంగు మొక్కలకు మాత్రం మినహాయింపు. ప్రపంచంలోని కాక్టస్ జాతులలో 31 శాతం అంతరించే ప్రమాదంలో ఉన్నాయని 2015లో ఒక పరిశీలన తేల్చింది. అందువల్ల, ఇది నా ఇంట గింజ నుంచి మొలిచిందని అమ్మేవారు చెప్పగలిగితే ఆ మాటకు కూడా కొంత వెల కట్టడం అన్యాయం కాదు. ఎండుపువ్వును జిగురుతో ముళ్ళకు అంటించి, పూసిన మొక్కగా అమ్మే వ్యాపారులు అన్ని దేశాలలోనూ ఉన్నారు. ఆ జిగురు ఖర్చు కొన్నవాడే భరిస్తాడు.

ఈ సంగతులన్నీ గుమ్మం ముందు నిలబడిన యాత్రికునికి చెప్పే తీరిక ఎవరికి ఉంటుంది? బండి హారను మోగుతూ ఉంటుంది. ఎర్రతల మొక్కే అమ్ముడుపోతుంది. దీదీ దాన్ని వార్తాపత్రికలో చుట్టి ఇస్తూ, చలికాలంలో నీరు పోయవద్దని, ఎక్కువకాలం ఉండదని కూడా చెబుతుంది. ఆ చివరి మాట విని కొందరు కుండీని తిరిగి బల్ల మీద పెడతారు.

వసారా మూలలో, తొట్టె నిండా ఒదిగి, పసుపుపచ్చని ముళ్ళతో బంగారు పీపా అని పేరుపడ్డ కాక్టస్ ఒకటి కూర్చొని ఉంటుంది. ఆ జాతి పువ్వు కళ్ళజూడాలంటే పదిహేను, ఇరవై ఏళ్ళు ఆగాలి. 1990లలో మెక్సికోలో కట్టిన ఒక ఆనకట్ట నీటిలో దాని పుట్టినచోటు చాలావరకు మునిగిపోయింది. దాని వెల ఎంత అని అడిగినవారికి దీదీ ముందు దాని వయసు చెబుతుంది. ధర అడగడానికి ఆ తరువాత చాలామంది మిగలరు.