ఆత్రేయపురం నోటుపుస్తకం

జూన్ 19
హాస్టల్ నుంచి పెట్టె తెచ్చేసుకున్నాక వీధిలో అందరిదీ ఒకటే ప్రశ్న: "చదువు మానేశావేంటమ్మా?" మానలేదండీ. విజయవాడలో ఎంపీసీ వదిలి ఇక్కడ హెచ్‌ఈసీలో చేరాను. అక్కడ తెల్లవారకముందే స్టడీ అవర్, రాత్రి పొద్దుపోయేదాకా స్టడీ అవర్. నిద్రపట్టని రాత్రులు గోడవైపు తిరిగి పడుకుని వేలితో బొమ్మలు గీసుకునేదాన్ని. నాన్నొచ్చి, కారణం కూడా అడక్కుండా బస్సెక్కించాడు.

జూన్ 27
ఎంపీసీ కావాలన్నది నేనే. ఎవరూ బలవంతపెట్టలేదు. కంపాసుతో వృత్తం గీసి, స్పర్శరేఖ దాన్ని సరిగ్గా ఒక్క బిందువు దగ్గరే తాకడం చూస్తే ఎంత సంతోషమో! పదో తరగతిలో నాకు లెక్కలంటే నిజంగా ఇష్టం. ఆ ఇష్టంతోనే వెళ్లాను. ర్యాంకుల పట్టీ కింద అది నలిగిపోయింది. వెళ్లిన అమ్మాయీ నేనే, తిరిగొచ్చిన అమ్మాయీ నేనే. ఒకరిని సమర్థించడానికి రెండోవాళ్లని తిట్టక్కర్లేదు.

జూలై 6
మావయ్య రాజమండ్రి తీసుకెళ్లాడు. బొబ్బర్లంక దాటి ధవళేశ్వరం బ్యారేజీ మీదకొచ్చేసరికి గోదావరి ఎర్రబడుతోంది, కొత్త నీరు. గట్టు మీద దామెర్ల రామారావు గారి చిత్రశాల. "ఈయనకీ బొమ్మల మీదే ధ్యాసంట. ఎంత పేరొచ్చిందో చూడవే" అన్నాడు.

చూశాను. 1897లో రాజమండ్రిలోనే పుట్టారు. ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే దొర ఆయన చేతిలో ఉన్నదేమిటో కనిపెట్టి 1916లో బొంబాయి జేజే స్కూల్‌కి పంపించాడు. 1922లో ఋష్యశృంగుడి చిత్రానికి కలకత్తాలో వైస్రాయి బహుమతి. 1925లో మశూచి సోకి పోయారు. ఇరవై ఎనిమిదేళ్లు కూడా పూర్తిగా నిండలేదు.

జూలై 7
మావయ్య మాట మనసులోంచి పోవడం లేదు. నన్ను ఓదార్చాలనే అన్నాడు, తెలుసు. కానీ పేరొస్తేనే నేను చేసింది ఒప్పవుతుందా? వైస్రాయి బహుమతి రాకపోతే రామారావు గారు బొంబాయి వెళ్లడం తప్పయ్యేదా? నాకు పేరు రాకపోవచ్చు. అయినా ఆ హాస్టల్లోంచి వచ్చేయడం నాకు అవసరం.

జూలై 15
లైబ్రరీలో చదివాను. రామారావు గారి తోబుట్టువు బుచ్చికృష్ణమ్మ గారు, భార్య సత్యవాణి గారు కూడా బొమ్మలు వేసేవారు. వందేళ్ల కిందట, రాజమండ్రిలో, ఆడవాళ్లు! ఆయన పోయాక స్నేహితుడు వరదా వెంకటరత్నం గారు రామారావు గారి చిత్రకళాశాలను నడిపి ఎందరికో నేర్పారు. వీళ్ల గురించి ఇన్నాళ్లూ నాకెవరూ చెప్పలేదు. మావయ్యకి చెప్పాలి.

జూలై 28
అమ్మ పూతరేకులకి రేకులు తీస్తుంటే బొమ్మ వేశాను. బోర్లించిన కుండ కింద ఎండు కొబ్బరాకుల మంట. పల్చటి బియ్యప్పిండి నీళ్లలో తెల్లగుడ్డ ముంచి, రెండు కొసలూ పట్టుకుని కుండ మీద పరిచి లాగేస్తుంది. లాగీ లాగగానే రేకు అంచు లేస్తుంది. దాన్ని వేళ్లతో ఎత్తి పక్కన పెట్టేలోపే రెండో చెయ్యి గుడ్డని మళ్లీ ముంచేస్తుంది. గాజులు మోచేతి వైపు నెట్టుకుంటుంది. మణికట్టు దగ్గర పాత కాలిన మచ్చ.

2023లో మా పూతరేకులకి జీఐ గుర్తింపు వచ్చింది. మా ఇంట్లో ఫోన్ల నిండా పూతరేకుల ఫొటోలే. అమ్మ చేతులున్నది ఒక్కటీ లేదు.

గుడ్డ మడతలు కుదర్లేదు. చేతులు కుదిరాయి. అమ్మ చూసి, "నా వేళ్లు ఇంత లావా?" అంది.
"అంతే ఉన్నాయమ్మా."
కాసేపు చూసుకుంది. "మచ్చ కూడా వేశావే. సరే, ఉండనీ" అని పోపుల డబ్బా వెనక నిలబెట్టింది.

ఆగస్టు 3
నాతో హాస్టల్లో ఉన్న స్నేహితురాలు ఫోన్ చేసింది. తనకి అక్కడ బాగానే ఉంది, వీక్లీ టెస్టులో మంచి మార్కులొచ్చాయట. సంతోషమేసింది. "నువ్వుంటే బాగుండేదే" అంది. నాకూ తనంటే బెంగే. ఆ మాటే చెప్పాను. తిరిగొస్తానని మాత్రం అనలేదు.

ఆగస్టు 16
శ్రావణ శుక్రవారం. పేరంటానికి వెళ్తే పిన్ని అందరి ముందూ అడిగింది, "ఇప్పుడేం చదువుతున్నావే?"
"హెచ్‌ఈసీ పిన్నీ. బొమ్మలు కూడా వేస్తున్నాను."
ఇదివరకైతే వెంటనే "గ్రూప్స్ రాస్తాను" అనో, "డిగ్రీ అయ్యాక చూస్తాను" అనో కలిపేదాన్ని. ఈసారి కలపలేదు. పిన్ని తాంబూలం చేతిలో పెడుతూ, వాళ్ల అత్తగారి బొమ్మ వేసిపెట్టమంది. ఆవిడ ఎక్కువసేపు కూర్చోలేరట. ఆదివారం పొద్దున్నే వస్తానన్నాను.