మంచులో పాట సరే... టైరు మాటేమిటి?

తెరమీద మంచు కనిపిస్తే చాలు, హాల్లో ఈలలు మోగుతాయి. హీరో స్వెట్టరు వేసుకుని, హీరోయిన్ పల్చటి చీర కట్టుకుని హాయిగా జారుతుంటారు. వాళ్లతోపాటు కారు కూడా జారితే ఎలా ఉంటుందో ఏ దర్శకుడూ చూపించడు! అది చూడాలంటే జనవరిలో మనాలి వెళ్లాలి.

1992లో వచ్చిన ‘రోజా’లో కాశ్మీరు అనుకుని మనం మురిసిపోయిన మంచు చాలావరకు మనాలిదే. అక్కణ్ణించి సోలాంగ్ మీదుగా పాతిక కిలోమీటర్లు ఎక్కితే అటల్ సొరంగం వస్తుంది. పొడవు 9.02 కిలోమీటర్లు, ఎత్తు పదివేల అడుగుల పైమాటే. 2020 అక్టోబరులో దాన్ని తెరిచాక లాహౌల్ లోయకి చలికాలంలోనూ దారి దొరికింది. దాంతో కుర్రకారు ఢిల్లీలో కారు అద్దెకు తీసుకోవడం, సరాసరి కొండెక్కేయడం!

సోలాంగ్ దాటాక ఓ మలుపులో మా టాక్సీకి ఎదురుగా తెల్లకారు ఒకటి దిగుతోంది. దిగుతోంది అనకూడదు, పక్కవాటంగా వస్తోంది. అద్దంలోంచి అచ్చ తెలుగు వినిపించింది.

“ఒరేయ్, బ్రేకు తొక్కరా!”

“తొక్కాన్రా బాబూ, ఆగట్లా!”

రోడ్డు వారన పోగుపడ్డ మంచుగోడకి గుద్దుకుని ఆగింది. రెండోవైపు గోడ లేదు, లోయ ఉంది. నలుగురు కుర్రాళ్లు దిగారు. నవ్వబోయారు గానీ నవ్వు రాలేదు. మా డ్రైవరు వాళ్లని పలకరించకుండా ముందు టైరు దగ్గర కూచున్నాడు. గాడులన్నీ అరిగిపోయి నున్నగా ఉంది. గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గితే మన చట్టమే ఒప్పుకోదు.

“ఫోర్ వీల్ బండైతే ఎక్కడం తేలిక సాబ్. ఆగడానికి మాత్రం ఎవరికైనా అవే నాలుగు టైర్లు” అన్నాడు హిందీలో.

నిజమే మరి. ఒక్కో టైరు రోడ్డును పట్టుకునేది అరచెయ్యంత మేరే. ఏడు డిగ్రీల లోపు చలికి మామూలు రబ్బరు గట్టిపడుతుంది, పట్టు సడలుతుంది. మెత్తగా ఉండే చలికాలపు టైర్లు వేరే ఉన్నాయి. వాటిమీద కొండ, అందులో మంచుపువ్వు గుర్తు ఉంటుంది. మన ఎండలకి అవి ఇట్టే అరిగిపోతాయి గనక ఇటువైపు ఎవరూ కొనరు. అందుకే ఇనుప గొలుసులు! ఇంజను తిప్పే చక్రాలకే కట్టాలి. చిన్నకార్లలో చాలావాటికి అవి ముందు చక్రాలు.

గాలి సంగతి ఇంకో తమాషా. పది డిగ్రీలు చల్లబడితే సుమారు రెండు పౌండ్లు తగ్గుతుంది. పొద్దున్నే, బండి కదలకముందే చూసుకోవాలి. మనవైపు మే నెలలో విజయవాడ హైవే ఎక్కేముందు కొందరు కావాలనే గాలి తీసేస్తారు, వేడికి ఉబ్బుతుందని. ఉబ్బి కాదండీ, గాలి తక్కువై నలిగి నలిగి వేడెక్కే టైర్లు ఎక్కువగా పేలేది! అన్నట్టు, అద్దెకారు తాళాలు పుచ్చుకునేముందు టైరు పక్కన నాలుగంకెలు చూడండి. 2319 అంటే 2019లో 23వ వారం పుట్టిందన్నమాట.

మా డ్రైవరు ముప్పై దాటించలేదు. సొరంగం ముందు ఆపి గొలుసులు విప్పాడు. లోపల పొడిరోడ్డు మీద అవి టైరునీ, రోడ్డునీ కూడా కొరికేస్తాయట. అవతల లాహౌల్‌లో తెల్లగా వెలుగు కనిపించగానే మళ్లీ దిగి, వేళ్లు ఊదుకుంటూ కట్టడం మొదలెట్టాడు.